స్కూలు ముంగటి సడక్ మీద బండ్ల స్పీడు ఎట్ల కొలవాలె

బిడ్డా లావణ్యా,

నీ ఉత్తరం అందింది. దేవరకొండ రోడ్డు మీద మీ స్కూలు గేటు ముంగట బండ్లు ఎంత స్పీడుతోని పోతున్నయో తొమ్మిదో తరగతి పిల్లలతోనే కొలిపించి, ఆ కాయితం పట్టుకొని పంచాయతీకి పోతమని రాసినవ్. చెయ్యి. ‘చలనం’ పాఠం బోర్డు మీద చెప్పేదానికన్న సడక్ పక్కన చెప్తె పిల్లలకు తొందరగ ఎక్కుతది. పోలీసోళ్ల దగ్గరుండే స్పీడ్ గన్ లేకుండ అయితదా అని అడిగినవ్. మంచిగ అయితది. ముప్పై మీటర్ల టేపు, సుతిలి ఉండ, నిటారుగున్న నాలుగు కట్టెలు, రెండు ఫోన్లు, ఫొటోకు ఇంకో ఫోను, ఒక నోటుబుక్కు ఉంటె చాలు. టేపు కూడ కొనకు, ఊళ్ల మేస్త్రి దగ్గర ఒక పూటకు అడుక్కో.

వేగాన్ని ఎవ్వరం నేరుగ కొలవం. పొడుగు కొలుస్తం, టైము కొలుస్తం, భాగిస్తం. ఈ రెండింట్ల టేపు పెద్దగ మోసం చెయ్యది. మోసమంత వాచీ నొక్కే బొటనవేలు దగ్గరనే ఉంటది. కింద నేను రాసేవన్ని ఆ వేలు చేసే తప్పును ఎట్ల చిన్నగ చెయ్యాలె అన్నదాని గురించే.

కన్ను చూసి, వేలు నొక్కేసరికి మనిషికి దగ్గర దగ్గర 0.2 సెకను పోతది. ఇగ లెక్క చూడు. గంటకు 60 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనుకు 16.7 మీటర్లు నడుస్తది. నువ్వు 20 మీటర్లకే గుర్తులు పెట్టినవనుకో, 1.2 సెకన్లల దాటిపోతది. వేలు 0.2 ముందో ఎనకో అయితె వాచీల 1.0 పడొచ్చు, 1.4 పడొచ్చు. ఒక లెక్కల 72 వస్తది, ఇంకో లెక్కల 51 వస్తది. బండి అదే, స్పీడు అదే! అదే 100 మీటర్లకు గుర్తులు పెడితె 6 సెకన్లు పడుతది. అదే తప్పు చేసినా 5.8 కి 62, 6.2 కి 58. తప్పు పోలేదు, పొడుగుల కలిసి పలుచబడ్డది, అంతే.

అట్లయితె 500 మీటర్లు పెట్టొచ్చు కదా టీచర్ అని ఎవడో ఒకడు అడుగుతడు. అడిగినోన్ని మెచ్చుకో, కాని పెట్టకు. అంత దూరం నుంచి ఏ బండి ఏదో పోల్చలేరు, నడుమ ఒకదాన్ని ఒకటి దాటుకుంటయి, పైగ గేటు దగ్గర బ్రేకు కొట్టి మల్ల పెంచుతరు. నీకు వచ్చేది ఆ మొత్తం దూరం మీద సగటు వేగం. నీకు కావల్సింది గేటు ముంగట ఎంతున్నదన్నది. అందుకే 100 మీటర్లు, గేటు సరిగ్గ నడుమకు వచ్చేటట్టు. ఆ నూరు మీటర్లల మూల మలుపు, స్పీడ్ బ్రేకరు, బస్సు ఆగే చోటు ఉండొద్దు. ఉంటె 80కో 60కో తగ్గించు గని ఆ జాగను తప్పించు.

టేపు పట్టే పని పొద్దున పిల్లలు రాకముందు ఇద్దరు పెద్దోళ్లు చేసుకోండ్రి. సడక్ మీద కాదు, తారు అంచుకు బయట మట్టి మీద. మూడు సార్లు నిండు టేపు, ఆ తర్వాత 10 మీటర్లు. ఇండ్ల చేసే తప్పులు మూడు. టేపు సున్న ఎక్కడున్నదో చూడకపోవుడు మొదటిది: కొన్నిట్ల కొస రింగు బయటి అంచే సున్న, కొన్నిట్ల గీత జర లోపలికి ఉంటది. ముందు స్కేలు పక్కన పెట్టి చూసుకో. రెండోది టేపు వదులుగ పట్టుడు, గడ్డి మీద నుంచి పోనిచ్చుడు. మూడోది అన్నిట్లకు పెద్దది, ఎన్ని టేపులు అయినయో మర్చిపోవుడు. ఒక్క టేపు తప్పితె 30 మీటర్లు పాయె. అందుకే ప్రతి టేపు కొసకు ఒక మేకు కొట్టి, తిరిగి వచ్చేటప్పుడు ఎనక నుంచి ఇంకోసారి కొలువు. రెండు కొలతల నడుమ ఒక జానెడు తేడా ఉన్నా ఏం కాదు. నూరు మీటర్లల జానెడంటె 0.2 శాతం, వేలు తప్పు ముంగట అది లెక్కలకే రాదు. పిల్లలు సెంటీమీటర్ల కోసం కొట్లాడుతుంటె ఆ సంగతి చెప్పు, టైము దగ్గర కొట్లాడమను.

ప్రతి కొసకు ఒక్క కట్టె సరిపోదు, రెండు పాతాలె. ఒకటి తారు అంచుకు దగ్గర, ఇంకోటి దానికి ఎనక నాలుగు మీటర్ల దూరంల. చూసేటోడు ఎనక కట్టె దగ్గర నిలబడి రెండు కట్టెలు ఒకదాని మీద ఒకటి పడేటట్టు చూస్తడు. ఆ చూపు గీతను బండి ముందు చక్రం తాకినప్పుడే దాటినట్టు లెక్క. ఈ గీత సడక్‌కు అడ్డంగ, మూలమట్టం పెట్టినట్టు ఉండాలె. మేస్త్రి గునియా కొట్టినట్టే సుతిలితోని 3, 4, 5 మీటర్ల మూల తియ్యి: తారు అంచు వెంట 3, దానికి అడ్డంగ 4, వాటి కొసల నడుమ 5 సరిగ్గ వస్తె మూల కుదిరినట్టు. రెండు కొసల గీతలు ఒక దానికొకటి వంకరగుంటె దగ్గరి వరుసల 100 ఉన్నది అవతలి వరుసల 97 గానో 103 గానో మారుతది.

ఇప్పుడు టైము. చానా మంది చేసేది ఈల. మొదటి కొసల ఒకడు ఈల ఊదుతడు, రెండో కొసల వాచీ ఉన్నోడు మొదలుపెడ్తడు. వద్దు. మన ఎండలకు, గాలి 35 డిగ్రీలున్నప్పుడు, శబ్దం సెకనుకు 352 మీటర్ల దగ్గర నడుస్తది. నూరు మీటర్లకు 0.28 సెకను. ఈల చెవుల పడ్డంక వేలు కదలనీకి ఇంకో 0.2. అంటె వాచీ దాదాపు అర సెకను ఆలస్యంగ మొదలైతది. ఆపేటప్పుడు మాత్రం బండి కండ్ల ముంగట వస్తనే ఉంటది కాబట్టి సరిగ్గ టైముకు ఆపుతడు. 6.0 సెకన్లకు 5.5 పడుతది, 60 మీద పోయే బండి 65 అని తేలుతది. జెండా ఊపితె శబ్దం బాధ పోతది గని ఆ 0.2 పోదు, ఎందుకంటె జెండా ఉన్నట్టుండి పడుతది, బండి చెప్పి వస్తది. ఉన్నట్టుండి అయ్యేదానికి వేలు ఆలస్యం, ఎదురుచూసేదానికి ఆలస్యం ఉండదు. (స్కూలు ఆటల్ల నూరు మీటర్ల పరుగుకు కూడ చప్పుడు విని వాచీ నొక్కొద్దు, పొగనో జెండానో చూసి నొక్కాలె అనేది అందుకే. మీ పీఈటీకి చెప్పు.)

అందుకే రెండు ఫోన్లు అన్న. రెండింట్ల స్టాప్‌వాచీ తెరిచి పక్కపక్కన పెట్టుకొని, ఒక్క మనిషే రెండు బొటనవేళ్లతోని ఒక్కసారి మొదలుపెట్టాలె. ఇగ వాటిని ఆపేదే లేదు, గంటసేపు ఉరుకుతనే ఉంటయి. ఒకటి నల్లగొండ దిక్కు కట్టెల దగ్గరికి, ఇంకోటి దేవరకొండ దిక్కు కట్టెల దగ్గరికి పోవాలె. బండి తన గీత దాటంగనె ఎవరి ఫోన్ల వాళ్లు ‘ల్యాప్’ నొక్కాలె. పక్కనున్న పిల్ల ఆ టైమును, బండి ఆనవాలును రాసుకోవాలె: తెల్ల ఆటో, ఎర్ర బస్సు, గడ్డి ట్రాక్టరు. ఇప్పుడు రెండు కొసల మనుషులు కూడ బండిని ఎదురుచూసుకుంటనే నొక్కుతరు. ఇద్దరి వేళ్ల గుణం ఒక్కతీరే కాబట్టి, ఒకదాని తప్పును ఇంకొకటి చాలావరకు కొట్టేస్తది.

రెండు వేళ్లు సరిగ్గ ఒక్కసారే పడవు. ఆ తేడాను దాచిపెట్టకు, కొలుచుకో. పని మొదలుపెట్టంగనె ఒకసారి, అయిపోయినంక ఒకసారి రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి మూడో ఫోనుతోని ఫొటో తియ్యి. ఫొటోల నల్లగొండ దిక్కు ఫోను 41 నిమిషాల 7.2 సెకన్లు, దేవరకొండ దిక్కుది 41 నిమిషాల 7.4 చూపిస్తె, రెండోది 0.2 ముందున్నది. ఒక ఆటో నల్లగొండ దిక్కు నుంచి వచ్చి 2 నిమిషాల 14.3 కు మొదటి గీత, 2 నిమిషాల 20.1 కి రెండో గీత దాటిందనుకో. తేడా 5.8. అండ్ల 0.2 తీసెయ్యాలె, 5.6. స్పీడు 62 కాదు, 64. ఇగ ఎదురు దిక్కు నుంచి వచ్చే బండి చూడు: దేవరకొండ దిక్కు గీత 3 నిమిషాల 2.6 కు, నల్లగొండ దిక్కుది 3 నిమిషాల 8.0 కు. తేడా 5.4. దీనికి 0.2 కలపాలె, తీసెయ్యొద్దు. మల్ల 5.6 అయింది. ఈ ఒక్క సంగతి మర్చిపోతె ఒక్క స్పీడు మీదనే పోయే బండ్లు పోయేటప్పుడు 62, వచ్చేటప్పుడు 67 అని తేలుతయి. దేవరకొండ దిక్కు నుంచి వచ్చేటోళ్లు దూకుడు మనుషులని పిల్లలు కథ అల్లుకుంటరు. ఒక దిక్కు బండ్లన్ని ఇంకో దిక్కు బండ్ల కన్న ఒక్క తీరుగ ఎక్కువ కనిపిస్తె, మనుషులను కాదు, ఫోన్లను అనుమానించు.

లెక్క మాత్రం సులువు. నూరు మీటర్లకు 360 ని సెకన్లతోని భాగిస్తె నేరుగ గంటకు కిలోమీటర్లు వస్తది. 80 మీటర్లయితె 288, 50 అయితె 180. పొడుగును 3.6 తోని గుణిస్తె ఆ అంకె దొరుకుతది. గంటల 3600 సెకన్లు, కిలోమీటరుల 1000 మీటర్లు, ఆ 3.6 ఆడికెల్లే వచ్చింది. పుస్తకంల 5/18 అని రాసేది కూడ ఇదే, తిరగేసి రాసింది. ఫోను లెక్కల 64.2857 వస్తది, పిల్లలు అట్లనే ఎక్కిస్తరు. 64 అని రాయించు. మన పద్ధతికి రెండు, మూడు కిలోమీటర్లు అటో ఇటో ఉంటది, చుక్క తర్వాతి అంకెలు ఉత్త సోకు. ఇంకొకటి, రెండు గీతల దగ్గర బండిల ఒక్క జాగనే చూడాలె: ముందు చక్రం నేలను తాకే చోటు. మొదటి గీతల లారీ ముందు చక్రం, రెండో గీతల ఎనక చక్రం చూసిన్రంటె లారీ పొడుగంత పొడుగు లెక్కల చేరిపోతది. అలసిపోయిన పిల్లలు ఇదే చేస్తరు, అరగంటకు ఒకసారి మనుషులను మార్చు.

వీడియో తీసి లెక్కగట్టొచ్చా అని కూడ అడిగినవ్. ఇది ఇంకా సన్నగ చెప్తది, తెలవకపోతె ఇంకా ఎక్కువ మోసం చేస్తది. మామూలు వీడియోల సెకనుకు 30 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు 0.033 సెకను, వేలు కన్న ఆరింతలు నయం. అందుకే 50 మీటర్ల గుర్తులు చాలు. ఫోనును స్కూలు గ్రౌండులనో, ఎదురు చెలకలనో సడక్ అంచుకు 50 మీటర్ల ఎనక ఇటుకల మీద అడ్డంగ నిలబెట్టు. చేతుల పట్టుకోవద్దు, బండి వెంట తిప్పొద్దు. పత్తి ఎదిగిన చెలకయితె చక్రాలు కనిపియ్యవు, వేరే జాగ చూడు.

ఇండ్ల ఉన్న తిరకాసు ఏందంటె, కట్టెలు సడక్ అంచుకున్నయి, బండి ఇంకా అవతల పోతున్నది. ఫోను నుంచి కట్టె మీదుగ పోయే చూపు ముందుకు పోయినకొద్ది వెడల్పయితది. ఫోను నుంచి కట్టెలకు 50 మీటర్లు, అవతలి వరుసల బండికి 56 మీటర్లనుకో. కట్టెల నడుమ 50 ఉన్నా బండి నిజంగ నడిచింది 50 × 56 ÷ 50, అంటె 56 మీటర్లు. 90 ఫ్రేములు, అంటె 3 సెకన్లు పట్టిందంటె నువ్వు 60 రాస్తవు, బండి పోయింది 67. ఇవతలి వరుసల 52 మీటర్లు పడుతది, 62. కాబట్టి వీడియోల ఏ బండి ఏ వరుసల పోయిందో రాసుకొని, ఆ వరుస పొడుగుతోనే లెక్కగట్టాలె. ఫోను ఎంత ఎనకకు పోతె ఈ తేడా అంత తగ్గుతది, కాని బండి చిన్నగ కనిపిస్తది. 50 నుంచి 60 మీటర్లు సరిపోతది.

ఇంకో రెండు సంగతులు. మొగులు పట్టినప్పుడు, పొద్దు గూకినప్పుడు కొన్ని ఫోన్లు చెప్పకుండనే సెకనుకు ఫ్రేములు తగ్గించుకుంటయి. ఒక ఫోన్ల స్టాప్‌వాచీ నడిపించి, వీడియో మొదట్ల దాన్ని పది సెకన్లు చూపియ్యి. పది సెకన్లకు 300 ఫ్రేములు వస్తున్నయా లేదా తెలిసిపోతది. స్లో మోషన్ల తీస్తె 240 ఫ్రేములు, అది చూపించేటప్పుడు ఎనిమిదింతలు నెమ్మదిగ నడుస్తది. చూపించే టైమును వాచీతోని పట్టి 8 తోని భాగించుడు మర్చిపోయి, లారీ గంటకు 8 కిలోమీటర్లు పోయిందని రాసే పిల్లలు ఉంటరు. నవ్వకు, వచ్చిన అంకె మెల్లగ ఉరికే మనిషి స్పీడంత ఉన్నదని వాళ్లకే తట్టేదాంక ఆగు.

ఏ బండ్లను లెక్కల పెట్టాలె అన్నది వదిలిపెట్టే ముచ్చట కాదు. పిల్లలను ఇష్టమొచ్చినట్టు వదిలేస్తె రయ్యిమని వచ్చేవాటినే పడ్తరు, ఎందుకంటె అవే కనిపిస్తయి. అట్ల పట్టిన లెక్క పంచాయతీల నిలబడది. ‘ప్రతి ఐదో బండి’ అని ముందే నియమం పెట్టు, అది ఎడ్లబండయినా సరే. బైకులు, ఆటోలు, కార్లు, బస్సులు, లారీలు, ట్రాక్టర్లు వేర్వేరు గడులల్ల రాయించు. 50 బండ్లకు తక్కువైతె ఏమీ చెప్పలేవు. స్కూలు వదిలే టైముల ఒక పూట, నడి పగలు ఒక పూట పట్టు, రెండు వేర్వేరుగనే ఉంచు. పిల్లలు సడక్ అంచుల గుంపుగ నిలబడితె బండ్లు వాటంతట అవే మెల్లగయితయి. నువ్వు కొలిచేది అప్పుడు బండి స్పీడు కాదు, నిన్ను చూసినంక ఉన్న స్పీడు. కొసకు ఇద్దరు చాలు, చెట్టు నీడన, గోడ పక్కన, తారుకు నాలుగు మీటర్ల ఎనక. అట్లుంటె పిల్లలు కూడ భద్రంగ ఉంటరు. సడక్ దాటే పని ఎవ్వరికి పెట్టకు.

లెక్క కట్టేటప్పుడు ముందు ఒక్కో బండి స్పీడు తియ్యి, తర్వాత సగటు. టైములన్ని కలిపి సగటు తీసి 360 ని భాగిస్తె తక్కువొస్తది. నూరు మీటర్లను ఒకటి 9 సెకన్లల, ఇంకోటి 6 సెకన్లల దాటింది. స్పీడులు 40, 60, సగటు 50. టైముల సగటు 7.5, దానికి వచ్చేది 48. పుస్తకంల మిర్యాలగూడకు పోయేటప్పుడు 40, వచ్చేటప్పుడు 60 మీద పోతె సగటు ఎంత అనే లెక్క ఉంటది చూడు, దాని జవాబు 48 అయ్యేది కూడ ఇందుకే. ప్రయాణానికి 48 సరైనది, గేటు ముంగట పోయే బండ్లకు 50 సరైనది. పిల్లలకు ఈ రెండు పక్కపక్కన పెట్టి చూపియ్యి, ఒక పీరియడ్ దీనికే పోనియ్యి.

సగటు కన్న పనికొచ్చేది ఇంకొకటి ఉన్నది. రోడ్ల ఇంజనీర్లు నూటికి 85 బండ్లు ఏ స్పీడుకు లోపల పోతున్నయో చూస్తరు. 50 బండ్ల స్పీడులను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగ రాసి 43వ దాన్ని తియ్యి, అదే. దరఖాస్తుల ఆ అంకె రాస్తె ఆఫీసుల కూర్చున్నోళ్లకు అర్థమైతది. అన్నట్టు, దరఖాస్తు ఎవరికియ్యాలెనో కిలోమీటరు రాయి నెత్తి చూసి తెలుసుకో. పసుపు రంగయితె జాతీయ రహదారి, ఆకుపచ్చయితె రాష్ట్ర రహదారి, అంటె ఆర్ అండ్ బీ. సడక్ పంచాయతీది కాకపోతె పంచాయతీ తీర్మానం ఒక్కటే పని చెయ్యది, పై ఆఫీసుకు పంపాలె.

మీ పద్ధతి సరిగున్నదో లేదో తెలుసుకోనీకి తెలిసినోళ్ల బైకును 40 మీద గీతలు దాటిపియ్యి అని ఎవరన్న చెప్తరు. బైకు మీటరును నమ్మి మీ లెక్కను దిద్దుకోకు. మీటర్లు తక్కువ చూపియ్యొద్దని నియమం, కాబట్టి కొంచెం ఎక్కువ చూపించేటట్టే చేస్తరు. ముందు ఆ మీటరునే సరిచూడు. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీద ఖాళీ పొద్దుల మీటరుల 60 ఒక్కతీరుగ నిలిపి, కిలోమీటరు రాళ్ల నడుమ టైము పట్టాలె. వాచీ ఎనక కూర్చున్నోళ్ల చేతుల ఉండాలె, నడిపేటోని చేతుల కాదు. 3600 ని సెకన్లతోని భాగించు. 60 సెకన్లు వస్తె మీటరు నిజం, 64 వస్తె నిజం స్పీడు 56. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లు జరుగుతయి, ఒక్క కిలోమీటరును నమ్మకు, ఐదు కిలోమీటర్లు పట్టు. ఫోన్ల జీపీఎస్ స్పీడు కూడ ఒక్కతీరుగ పోయేటప్పుడు మంచిగనే చెప్తది, పెంచేటప్పుడు తగ్గించేటప్పుడు ఎనకబడుతది.

ఇగ మీ స్కూలు పోరగాళ్ల క్రికెట్ ముచ్చట. 150 వేస్తున్న అని ఒకడు అంటున్నడని రాసినవ్. వాచీతోని కొలిచిండంటె వాడు అబద్ధం చెప్తలేడు, వేలు చెప్తున్నది. రెండు క్రీజుల నడుమ 17.68 మీటర్లు. బంతికి 0.6 సెకను పడితె 106 కిలోమీటర్లు. వేలు 0.2 తప్పితె ఒక దిక్కు 159, ఇంకో దిక్కు 80. వాడు 159 వచ్చినప్పుడు మాత్రం గుర్తుపెట్టుకుంటడు. మామూలు వీడియోల 18 ఫ్రేములకు 106, 17 కు 112, 19 కి 100. స్లో మోషన్ల 144 ఫ్రేములు, ఒకటి తప్పినా తేడా కిలోమీటరు లోపలనే. టీవీల చూపించేది చెయ్యి వదిలిన క్షణం స్పీడు, వీనిది దారి మొత్తం మీద సగటు. గాలికి, పిచ్ మీద పడ్డందుకు బంతి కొంత స్పీడు పోగొట్టుకుంటది కాబట్టి సగటు ఎప్పుడైనా తక్కువే ఉంటది.

పిల్లలల్ల ఆయకట్టు ఊర్ల నుంచి వచ్చేటోళ్లు ఉన్నరు కదా, వాళ్లకు కాలువ నీళ్ల వేగం కొలిచే పని ఇయ్యి. సాగర్ ఎడమ కాలువ పెద్దదాని దగ్గరికి మాత్రం పోనియ్యకు, సిమెంటు ఒడ్డు పాచి పట్టి జారుతది, పడితె ఎక్కలేరు. మోకాలి లోతు పంట కాలువలనే, పెద్దోళ్లు పక్కనుండంగ. తిన్నగున్న 30 మీటర్ల ముక్క చూసి రెండు దిక్కుల అడ్డంగ సుతిలి కట్టాలె. తేలేటందుకు బత్తాయి వాడు. చెత్త, ఆకు, ఖాళీ సీసా గాలికి కొట్టుకపోతయి, వాటితోని నీళ్ల వేగం కాదు గాలి వేగం వస్తది. బత్తాయి చాలా మటుకు మునిగి కొంచెం తేలుతది, నీళ్లు తీసుకపోయినట్టే పోతది. ముందు బకెట్ల వేసి తేలుతదా చూసుకో. మొదటి సుతిలికి ఐదారు మీటర్ల పైన, కాలువ నడుమల వదులు. సుతిలి దగ్గరికి వచ్చేసరికి నీళ్ల వేగం అందుకుంటది. తుంగల చిక్కింది, ఒడ్డును రాసుకున్నది లెక్కల పెట్టకు. మంచివి ఐదు వచ్చేదాంక వెయ్యి.

30 మీటర్లకు 50 సెకన్లు పడితె సెకనుకు 0.6 మీటర్లు. ఇది పై నీళ్ల వేగం. అడుగున, అంచుల పొంటి నీళ్లు మట్టికి రాసుకొని మెల్లగ పోతయి, అందుకే మొత్తానికి 0.85 తోని గుణిస్తరు, 0.51. కాలువ వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు అర మీటరైతె సెకనుకు 0.51 ఘనపు మీటర్లు పోతున్నయి. ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు, అంటె 18 క్యూసెక్కులు. లోతు ఒక్క జాగ చూసి రాయొద్దు. అడ్డంగ నాలుగు చోట్ల కట్టె దింపి చూడాలె, ఎందుకంటె ఈ లెక్కల టైము కన్న లోతు దగ్గరనే ఎక్కువ తప్పు వస్తది. వేలు మీద పడ్డ అనుమానం ఇక్కడ కొంచెం తియ్యొచ్చు.

రైలుకు కట్టెలు, టేపులు ఏమీ వద్దు. నల్లగొండ స్టేషన్ల ప్లాట్‌ఫాం మీద ఎనకకు కూర్చొని, ఆగకుండ పోయే బండి ఒక స్తంభాన్ని దాటనీకి ఎంతసేపు పట్టిందో చూస్తె చాలు, దాని పొడుగే మన టేపు. ఎర్రటి ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) డబ్బాలు ఒక్కోటి దగ్గర దగ్గర 24 మీటర్లు, ఇంజను 20. ఇరవై డబ్బాలైతె మొత్తం 500 మీటర్లు. 20 సెకన్లు పడితె గంటకు 90 కిలోమీటర్లు. డబ్బాలు ఇద్దరు వేర్వేరుగ లెక్కపెట్టాలె, ఒక డబ్బా తప్పితె 5 శాతం పాయె. బండి లోపలున్నప్పుడు కరెంటు స్తంభాల మీది నంబర్లు చూస్తె కిలోమీటరు ఎక్కడ మారుతున్నదో తెలుస్తది. ఒక కిలోమీటరు అంకె మారి ఇంకోటి వచ్చేదాంక 40 సెకన్లు పడితె మల్ల అదే 90. స్తంభాలను లెక్కపెట్టి గుణించకు, మూలల దగ్గర దగ్గరగ, తిన్నటి దారిల దూరంగ పాతుతరు.

నోటుబుక్కుల గడులు ఇట్ల గీయించు: వరుస నంబరు, బండి ఆనవాలు, ఏ దిక్కు నుంచి, నల్లగొండ దిక్కు టైము, దేవరకొండ దిక్కు టైము, తేడా, సరిచేసిన తేడా, స్పీడు. పైన తారీఖు, పూట, ఎండనా మొగులా, రెండు ఫోన్ల నడుమ తేడా. తప్పు రాసింది గీత కొట్టాలె గని చెరపొద్దు, రబ్బరు ఆ పూట సంచిలనే ఉండనియ్యి. మొదటి పూట పట్టిన టైములను దిద్దకుండ ఫొటో తీసి నాకు పంపు. స్పీడులు లెక్కగట్టి పంపకు, టైములు చాలు.

మీ పెద్దనాయిన
నల్లగొండ